మిలిటరీ మొక్కలకు మంద ఎరువు

మా తమ్ముడు మిలిటరీ నుంచి పింఛను మీద వచ్చేసిన రోజు ఇనుప ట్రంకు పెట్టె ఒకటి దిగుతుందని అనుకున్నాం. పెట్టె దిగలేదు. భుజానికి ఒక పచ్చ బ్యాగు, చేతుల్లో ఒక అట్టపెట్టె, అంతే. మూడు రైళ్లు మారి గిద్దలూరులో దిగి, కొమరోలు దాకా బస్సులో, అక్కడి నుంచి మా ఊరికి ఆటోలో, ఆ అట్టపెట్టెను ఎక్కడా కింద పెట్టకుండా ఒళ్లోనే పెట్టుకుని వచ్చాడట. నేనిచ్చిన చెంబెడు నీళ్లు తాగకముందే దాన్ని తీసుకుపోయి ఉత్తరపు గోడ నీడన దించాడు. తాడు విప్పితే లోపల ఐదు మొక్కలు. వేళ్ల మట్టికి తడి గోనెపట్టా చుట్టి పురికొసతో కట్టి ఉంది.

అమ్మా నాయనా పోయాక ఆ ఇల్లు వాడిదే. నన్ను ఉన్న ఊళ్లోనే మేనమామ కొడుక్కి ఇచ్చారు కాబట్టి నాది గోడ అవతలి ఇల్లు. వాడి పెళ్లి మూడేళ్లు కూడా నిలవలేదు, ఆ పిల్ల పుట్టింటికి పోయి అక్కడే ఉండిపోయింది. అందువల్ల వాడికి అన్నం పెట్టాలన్నా, ఒంట్లో బాగుందా లేదా చూడాలన్నా నేనే.

ఆ మొక్కల పేరు వాడు చెప్పాడు. రోడోడెండ్రాన్ అట. నాలుగుసార్లు అనిపించుకున్నా నాకు నోరు తిరగలేదు. ఊళ్లో వాళ్లు మిలిటరీ మొక్కలు అన్నారు, నాకూ అదే అలవాటైంది. వాటిలో చెట్లంత పెరిగేవీ ఉంటాయట గానీ ఇవి పొట్టి రకం, మోకాలు దాటవు. ఏ కాలంలోనూ ఆకు రాలదు. ఆకు దళసరిగా, పైన నూనె రాసినట్టు, వెనక గోధుమరంగు నూగుతో ఉంటుంది.

ఆ రోజు వాడు చెప్పిన మాటలన్నీ నాకు గుర్తున్నాయి, ఎందుకంటే తర్వాత చాలా రోజులు వాడు అన్ని మాటలు మాట్లాడలేదు. మంచు కొండల్లో వాడితో పాటు కాపలా ఉన్న స్నేహితుడొకడు ఆ కొండల మనిషేనట. ఖాళీ నూనె డబ్బాల్లో ఈ మొక్కలు పెట్టి, వాళ్లు పడుకునే రేకుల షెడ్డు చుట్టూ వరసగా పేర్చాడట. ఒక వానాకాలం కొండచరియ విరిగి మీద పడితే ఆ స్నేహితుడు పోయాడు. మా వాడు నాలుగు బారల దూరంలో ఉండి బతికాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఆ డబ్బాల్లోంచి ఐదింటిని అడిగి తెచ్చుకున్నాడు. ఇదంతా గోనెపట్టాల తాళ్లు విప్పుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఇంత ఎండల దేశంలో ఇవి బతుకుతాయారా?" అని అడిగాను.

"చూద్దాం అక్కా. ఇవి ఈడ బతికితే నేనూ ఈడ బతుకుతా."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మనిషి వచ్చాడన్న మాటే గానీ చూపు ఎక్కడో ఉంది. పెట్టింది తినేవాడు, ఏం తిన్నాడో అడిగితే చెప్పలేకపోయేవాడు. ఎవరైనా దబ్బున తలుపు వేస్తే గోడకు అతుక్కుపోయేవాడు. కాబట్టి ఆ మాటను నేను నవ్వులాటగా తీసుకోలేదు. ఆ ఐదు మొక్కలు ఎట్లాగైనా బతకాలని మనసులో ముడి వేసుకున్నాను.

వాటికి వాడు చేసిన మర్యాదలు మా ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. సిమెంటు తొట్లు ఇస్తానంటే వద్దన్నాడు, సిమెంటులో సున్నం ఉంటుందట, సున్నం వీటికి విషమట. పాత ప్లాస్టిక్ టబ్బులకు కాల్చిన ఊచతో అడుగున బెజ్జాలు పెట్టాడు. బ్యాగులో నుంచి ఎండిన సూదుల్లాంటి ఆకులు, చెట్టు బెరడు ముక్కలు, నల్లటి మట్టి తీశాడు. అంత దూరం నుంచి మట్టి మోసుకొచ్చాడా అని నేను నోరు తెరిచాను. అది చాలక నల్లమల అంచుకు పోయి, చెట్ల కింద మాగిన ఆకు ఎరువు రెండు సంచులు తెచ్చి కలిపాడు. మొక్కను లోతుగా పాతలేదు, పైపైనే కూర్చోబెట్టాడు. దీని వేళ్లు తల వెంట్రుకల్లా సన్నగా ఉంటాయనీ, పైమట్టిలోనే పరుచుకుంటాయనీ, మట్టిని కెలికితే తెగిపోతాయనీ చెప్పాడు.

ఇక నీళ్లు. మా బోరు నీళ్ల సంగతి తెలిసిందే. బిందె అడుగున వారానికే తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ నీళ్లు తాగి తాగి మా పెద్దవాళ్ల కాళ్లు వంకరపోయాయి, అందుకే తాగడానికి ప్లాంటు నీళ్ల క్యాన్లు తెప్పించుకుంటాం. తమ్ముడు ఆ ప్లాంటు నీళ్లే మొక్కలకు పోశాడు. మా ఆయన గొర్రెలు తోలుకుని పోతూ గోడ మీదుగా అది చూశాడు.

"ఏం బామ్మర్దీ, మీ నాయన బోరు నీళ్లు తాగే పొయినాడు. ఈటికి ప్లాంటు నీళ్లా? రేపు పాలు, బ్రెడ్డు కూడా పెడ్తావా?"

"పెట్టను బావా. కాఫీ మటుకు తాగుతాయంట, పొద్దున్నే పంపించు."

చాలా రోజులకు వాడి నోట ఎగతాళి విన్నాను. మా ఆయన కూడా నవ్వాడు. ఆ పొద్దు నేను పొయ్యి దగ్గర కూర్చుని కాసేపు ఊరికే కళ్లు తుడుచుకున్నాను.

శివరాత్రి ముందు ఒక మొక్క పూసింది. కొమ్మ చివర ఒకే గుత్తి, పది పన్నెండు పూలు ఒకదానికొకటి ఆనుకుని, పండిన జామ లోపలి రంగు. ఊళ్లో ఆడవాళ్లందరూ వచ్చి చూశారు. ఎదురింటి వదిన తలలోకి అడిగితే తమ్ముడు ఇవ్వలేదు. నాలుగు రోజుల తర్వాత వాడిపోయిన గుత్తిని వేలితో విరిచి తీసేశాడు, గింజ కట్టకుండా తీస్తే మళ్లీ ఏటికి మొగ్గ కడుతుందట. మళ్లీ ఏటి సంగతి వాడు మాట్లాడాడు గదా అని నాకు ప్రాణం కుదుటపడింది.

ఎండాకాలం మొదలయ్యేటప్పటికి వాడికి సికింద్రాబాదులో మిలిటరీ ఆసుపత్రిలో చూపించుకునే పని పడింది. నిద్ర పట్టడం లేదని అంతకుముందే కాగితం రాయించుకున్నాడు. పది రోజులు అక్కడే ఉండాలి. పోయేముందు నన్ను టబ్బుల దగ్గర నిలబెట్టి చెప్పాడు. పూట మార్చి పూట తలా ఒక చెంబు ప్లాంటు నీళ్లు, చుట్టూ తడి గోనెపట్టాలు, ఇంకేమీ వద్దు.

"ఇంకేమీ వద్దు అక్కా. నీకు ఏం చెయ్యాలనిపించినా చెయ్యొద్దు."

అట్లాగే అన్నాను. నాలుగు రోజులు అట్లాగే చేశాను కూడా.

ఐదో రోజు వడగాలి పుట్టింది. మొక్కల ఆకులు కొంచెం వేలాడాయి, పచ్చదనం పలచబడినట్టు అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే అది ఎండకు సొమ్మసిల్లడమే, సాయంత్రానికి తేరుకునేవేమో. నాకు మాత్రం అవి బలం లేక పోతున్నట్టు కనబడ్డాయి. బలం లేనిదానికి ఏం పెట్టాలో మా ఇంట్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మా నాయన మంద కట్టే మనిషి. ఎండాకాలంలో రైతులు ఇంటికి వచ్చి, మా చేలో నాలుగు రాత్రులు నీ గొర్రెలను పడుకోబెట్టు పెద్దాయనా అని బతిమాలి తీసుకుపోయేవాళ్లు. గొర్రెలు పడుకున్న చేను మళ్లీ పైరుకు నల్లగా ఎదిగొచ్చేది. చవిటి నేల, రాతినేల, ఏ నేల చచ్చినా మంద ఎరువుతో లేచి కూర్చోవడం నా కళ్లతో చూశాను. అది పనికిరాని మొక్క ఒకటి ఉంటుందని నాకు ఎట్లా తోస్తుంది?

దొడ్డిలో నుంచి గంపెడు ఎరువు తెచ్చి చేత్తో నలిపి పొడి చేశాను. కలుపు తీసే కొంకితో పైమట్టి కదిపి, తలా రెండు దోసిళ్లు వేసి కలిపాను. చీమలు రాకుండా పొయ్యిలో బూడిద చల్లాను. ఎరువు వేశాక నీళ్లు దండిగా పొయ్యాలి, ఆ రెండు రోజులు నీళ్ల బండి రాలేదు. బోరు నీళ్లే తలా అర బక్కెట పోశాను. చేస్తున్నంత సేపూ నాకు సంతోషంగా ఉంది. వాడు వచ్చేటప్పటికి కొత్త చిగురు చూపిద్దామనుకున్నాను.

మూడో రోజుకు ఆకుల అంచులు టీ పొడి రంగుకు తిరిగాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతా ఆకంతా పసుపు పట్టింది. భయపడి ఇంకా నీళ్లు పోశాను. వాడిన దానికి నీళ్లు తప్ప ఇంకేం తెలుసు నాకు? ఫోను చేసినప్పుడు మొక్కలు ఎట్లున్నాయని అడిగితే బాగున్నాయని చెప్పాను. పెట్టేసిన తర్వాత చాలాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

తమ్ముడు వచ్చాడు. బ్యాగు భుజాన ఉండగానే టబ్బుల దగ్గరకు పోయాడు. నేను వెనకాలే నిలబడి, ఎండలు అట్లా కాసినాయి, వడగాలి అట్లా కొట్టింది అని అడగకుండానే చెప్పుకుంటూ పోయాను. వాడు గొంతుక్కూర్చుని మట్టిలో వేలు పెట్టాడు. తీసి వాసన చూశాడు.

"మంద ఎరువా అక్కా?"

తల ఊపాను.

"బూడిద కూడా ఏసినావా?"

"ఏసినా నాయనా. బలం లేక పోతాండాయని..."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. వాడు ఆ మట్టి వేలిని తువ్వాలుకు తుడుచుకుని, "నాయన ఉన్నా ఇదే చేసుండేవాడులే" అన్నాడు. అని లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బాగున్నాయని ఫోనులో చెప్పిన సంగతి వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎరువు వేసిన తప్పుకంటే ఆ అబద్ధం నన్ను ఎక్కువ తిన్నది.

సాయంత్రం లేచి ఆ మట్టంతా తీసేసి, వేళ్లు కడిగి, మిగిలిన ఆకు ఎరువులో మళ్లీ పాతాడు. వేళ్లు సగం నల్లబడి చేతిలోకి ఊడొచ్చాయి. ఆ వారంలో రెండు పోయాయి. ఇంకో పది రోజులకు మూడోది. పోయినదాన్ని పారెయ్యకుండా గోడ వెంబడి పడుకోబెట్టేవాడు. ఒకదాని పక్కన ఒకటి వరసగా పడుకోబెట్టిన ఆ తీరు చూడలేక, నేను ఆ వైపు ఊడవడం మానేశాను. అన్నం పళ్లెం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. నాలుగోది పోయిన రోజు వాడు పొద్దుటి నుంచి పొద్దుగుంకేదాకా గడప మీద నుంచి లేవలేదు. ఇవి బతికితే నేనూ బతుకుతా అన్న మాట నా చెవిలో నుంచి పోదు. వాడి మెడకు ఉరి నేనే తెచ్చి వేసినట్టు ఉండేది.

మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన విని, మరుసటి రోజు గొర్రెలను పక్కింటి మందతో తోలిపెట్టి అడవి అంచుకు పోయాడు. బోద గడ్డి రెండు మోపులు తెచ్చి, ఉత్తరపు గోడకు నాలుగు గుంజలు పాతి, చుట్టూ గడ్డి తడికెలతో గుడిసె కట్టాడు. ఒక్క మొక్కకు గుడిసె. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడికెల మీద నీళ్లు చల్లితే లోపల చల్లగా ఉండేది. తమ్ముడు గడప మీద నుంచి చూస్తూ చూస్తూ లేచి వచ్చి, గుంజ వంకరగా ఉంది బావా అని పట్టుకున్నాడు. ఆ తర్వాత నీళ్లు చల్లే పని వాడే తీసుకున్నాడు. నేను మాత్రం ఆ గుడిసెకు రెండు బారల దూరంలో ఉండేదాన్ని. వాడు రమ్మనలేదు, నేను పోలేదు.

ఎండలన్నీ అట్లా గడిచాయి. మొక్కకు చివరికి ఆరు ఆకులు మిగిలాయి. మొదటి వాన పడిన రోజు తమ్ముడు ఎక్కడి నుంచో నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చి చూరు గొట్టం కింద పెట్టాడు. ఆ వాన నీళ్లు పోసిన ఇరవై రోజులకు కొమ్మ చివర గోరంత చిగురు వచ్చింది. నేను ఆగలేక గుడిసెలోకి పోయి వాడి పక్కన కూర్చున్నాను.

"బతికింది గదరా."

వాడు చిగురును చూస్తూ, "బతకడం కాదు అక్కా ఇది. ఓర్చుకుంటాంది" అన్నాడు.

ఏ సంగతి చెప్తున్నాడో నాకు అర్థమైంది.

ఆ నెలలోనే గిద్దలూరు పక్క ఊరి జవాను ఒకడు, వీడి పటాలం వాడే, సెలవు అయిపోయి తిరిగి అదే కొండకు పోతున్నాడని తెలిసింది. తమ్ముడు మొక్కను అతని చేతికి ఇచ్చి పంపిస్తానన్నాడు. దాని చోట అది ఉంటే మేలన్నాడు. పొద్దున్నే మట్టితో సహా తీసి తడి గోనెపట్టా చుట్టి, వచ్చినప్పుడు కట్టినట్టే పురికొసతో కట్టాడు. నేను సద్ది కట్టి ఇచ్చాను. వాడు ఆటో ఎక్కి పోయాడు.

తర్వాత ఇల్లు ఊడవడానికి పోతే, గోడ కొయ్యకు ఉండే పచ్చ బ్యాగు లేదు.

మొక్కను ఇచ్చి రావడానికి బ్యాగు ఎందుకు? అమ్మ పాత పెట్టెలో చూస్తే వాడి రెండు జతల బట్టలు, చలికోటు కూడా లేవు. చీపురు అక్కడే పడేశాను. ఫోను చేస్తే మోగుతుంది, ఎత్తడు. మా ఆయన గొర్రెలతో బీడుకు పోయి ఉన్నాడు. ఎవరికి చెప్పుకోను? మొక్క ఈ ఊళ్లో బతకలేదు, పంపించాడు. తను మాత్రం ఎందుకు ఉంటాడు? ఆ కొండ మీద వాడికి ఇక ఉద్యోగం లేదు, స్నేహితుడు లేడు. అక్కడికి పోయి ఏం చేస్తాడు? ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా ఆలోచన ఆగిపోయేది, ముందుకు పోనిచ్చేదాన్ని కాదు. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. కొమరోలుకు ఒక్కో బస్సు వచ్చే వేళకు ఆటోలు ఆగే చోటికి పోయి నిలబడ్డాను. మధ్యాహ్నం దానికి రాలేదు. మూడు గంటల దానికి రాలేదు.

పొద్దు వాలుతుండగా ఆటోలో నుంచి దిగాడు. భుజాన బ్యాగు ఉంది. చేతులు ఖాళీ. నన్ను అక్కడ చూసి, ఎందుకు నిలబడ్డావని అడగలేదు. ఇద్దరం ఇంటి వైపు నడిచాం. సగం దూరం వచ్చాక నేనే అడిగాను.

"బ్యాగు ఎందుకు తీసకపొయినావు?"

"పోదామనే తీసకపొయినా."

దాచుకోకుండా అన్నాడు. నేను దాచాను, వాడు దాచలేదు.

"మరి?"

"రైలు వచ్చింది. వాడు ఎక్కి మొక్కను ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీ కాడ నిలబడి చెప్పినా. లోతుగా పాతొద్దు, మట్టి కెలకొద్దు, ఎరువు ఏమీ ఎయ్యొద్దు, వాడిందని నీళ్లు ఎక్కువ పొయ్యొద్దు అని. చెప్తాంటే రైలు కదిలింది."

"ఎక్కలేకపొయినావా?"

వాడు బ్యాగును ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "పరిగెత్తితే ఎక్కొచ్చు" అన్నాడు.

అంతకంటే నేను అడగలేదు. ఇంటికి వచ్చాక మాత్రం, ఫోనులో ఆ రోజు బాగున్నాయని అబద్ధం చెప్పాను నాయనా, అన్నాను. తెలుసు అక్కా, నీ గొంతులోనే తెలిసింది, నేనే ఏమీ అడగలేదు, అన్నాడు. కాళ్లు కడుక్కుని అన్నం ఏదని అడిగాడు. పొయ్యే వెలిగించలేదని చెప్తే, నేను కట్టిచ్చిన సద్ది మూట విప్పాడు. పొద్దుటి నుంచి దాన్ని ముట్టనే లేదు. ఇద్దరం అదే తిన్నాం.

ఇది జరిగి ఏడాది దాటింది. ఉత్తరపు గోడ పక్కన పలక బండల మీద ఐదు టబ్బుల మచ్చలు తెల్లగా గుండ్రంగా అట్లాగే ఉన్నాయి, బోరు నీళ్ల పెచ్చు ఎంత రుద్దినా పోదు. గుడిసె గడ్డి గొర్రెలు తినేశాయి. అప్పుడప్పుడు ఆ జవాను ఫోనుకు బొమ్మ పంపుతాడు. మొక్క నూనె డబ్బాలో ఉంది, చుట్టూ మంచు. మొన్న దానికి మొగ్గ ఉందని తమ్ముడు నాకు చూపించాడు. వాన వస్తే ఇప్పటికీ నీలం డ్రమ్మును చూరు కింద పెడతాడు, ఆ నీళ్లు దేనికని నేను అడగను. తింటున్నాడు, కొన్ని రోజులు మా ఆయనతో గొర్రెల వెంట కూడా పోతున్నాడు. కొన్ని రోజులు గడప దాటడు.

ఆ పచ్చ బ్యాగు మళ్లీ గోడ కొయ్యకే ఉంది. పొద్దున్నే వాడికి కాఫీ ఇవ్వడానికి గోడ దాటి పోతాను గదా, గడపలో అడుగు పెడుతూనే వాడి ముఖం కంటే ముందు ఆ కొయ్య వైపు చూస్తాను.